ఫోటోల వెనుక పేర్లు వ్రాద్దాం

మన కె.జి.ఎఫ్. చుట్టుప్రక్కల తెలుగు ఇళ్ళలో పాత ఫోటోలు లేని ఇల్లు అరుదు. నడవ గోడకు నాలుగైదు పటాలు, బీరువాలో ఒక ఆల్బము, మంచం క్రింది ట్రంకు పెట్టెలో కవర్లలో చుట్టిపెట్టిన మరికొన్ని. ఎంత చిన్న సంసారానికైనా ఈపాటి ఆస్తి ఉంటుంది. పెళ్ళిపీటల మీద తీసినవి, స్టూడియోలో తెర ముందు నిలువబడి తీయించుకొన్నవి, గనిపని నుండి విరమించిన నాడు మెడలో పూలమాలతో తోటివారి నడుమ కూర్చుండగా తీసినవి, ఇలా ఎన్నో రకాలు. వాటి ప్రక్కనే సర్వీసు సర్టిఫికెట్లు, జీతపు చీటీలు, శుభలేఖలు, చదివింపుల పుస్తకాలు, దూరపు బంధువులు వ్రాసిన కార్డులు ఉంటవి.

ఈ మధ్య మన పిల్లలు వీటినన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి భద్రపరచాలని ముచ్చటపడుతున్నారు. సంతోషించదగిన విషయమే. సెలవులకు వచ్చిన మనుమడు ఒక్క మధ్యాహ్నంలో ఆల్బమంతా సెల్‌ఫోనుతో ఫోటోలు తీసి, బంధువులందరికీ పంపి, పని అయిపోయినదని చేతులు దులుపుకొంటాడు. ఇల్లు అలకగానే పండుగ కాదు గదా! అందులో ఉన్నవారెవరో వ్రాసి ఉంచకపోతే, పెట్టెలోని తెలియని ముఖం సెల్‌ఫోనులోనూ తెలియని ముఖంగానే ఉండిపోతుంది.

యంత్రంతో చేసే పని ఈ సంవత్సరం కాకపోతే వచ్చే సంవత్సరం చేసికోవచ్చును. ఇంకా మంచి యంత్రాలు కూడా రావచ్చును. కాని ఫోటో చూచి, “ఇది ఫలానా అమ్మాయి, ఇది ఫలానా ఊరు, ఫలానా వాళ్ళ పెళ్ళి” అని చెప్పగల పెద్దలు వచ్చే సంవత్సరం ఉంటారని ఎవరు చెప్పగలరు? దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు మన పెద్దలు. కాబట్టి ముందు పేర్లు, తరువాత యంత్రం. ఈ వ్యాసంలోని ముఖ్యమైన మనవి ఇదే.

మనకే ఇంత తొందర ఎందుకు?

జాన్ టెయిలర్ అండ్ సన్స్ వారు 1880లో ఇక్కడ పని చేపట్టిన నాటి నుండి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన నాటి వరకు గల చరిత్ర పుస్తకాలలో ఉన్నది. ఈ నేల నుండి సుమారు 800 టన్నుల బంగారం తీశారనీ, ఛాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లు దాటినదనీ, 1902లోనే శివనసముద్రం నుండి ఇక్కడికి విద్యుచ్ఛక్తి వచ్చినదనీ ఎవరైనా చదివి తెలిసికోవచ్చును. 1965లో ఆ గని లోతున శాస్త్రజ్ఞులు వాతావరణంలో పుట్టే న్యూట్రినో కణాల జాడ కనిపెట్టిన సంగతి కూడా గ్రంథస్థమైనదే.

పుస్తకాలలో లేనిది ఒకటున్నది. ఆ గనిలోకి ప్రతి షిఫ్టుకూ దిగినవారెవరు, వారి ఇంటి ముందు అరుగు ఎట్లుండేది, పండుగనాడు వారి పిల్లలకు ఏ బట్టలు కుట్టించేవారు, ములబాగలు నుండియో కుప్పం నుండియో కోడలిగా వచ్చిన పిల్ల క్వార్టర్సులో ఎట్లు కాపురం చేసినది, ఇవన్నీ మన ట్రంకు పెట్టెలలోనే ఉన్నవి. మరెక్కడా లేవు.

2018లోను, 2022లోను వచ్చిన రెండు సినిమాల పుణ్యమా అని మన ఊరి పేరు దేశమంతటా మ్రోగిపోయినది. ఇప్పుడు బయటి ఊళ్ళలో కె.జి.ఎఫ్. వారమని చెబితే, “ఆ సినిమాలోని ఊరేనా?” అని అడుగుతారు. సినిమా కథ కల్పితం. దానిని సినిమాగా చూచి ఆనందించడంలో తప్పు లేదు. కాని మన మనుమలు కూడా తాత బ్రతుకు అట్లే ఉండేదని అనుకొంటే మాత్రం తప్పు మనది. వారి చేతిలో పెట్టడానికి మన దగ్గర నిజమైన బొమ్మలుండగా, వాటిని పెట్టెలో దాచి తాళం వేస్తే ఎట్లు?

గనులు మూతపడిన తరువాత మన కుటుంబాలు చెదరిపోయినవి. కొందరు మారికుప్పం నుండి తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోయి రాత్రికి తిరిగి వస్తున్నారు. మరికొందరు బెంగుళూరులోనో చెన్నైలోనో స్థిరపడిపోయినారు. పిల్లలు ఇతర దేశాలలో ఉన్నవారూ ఉన్నారు. అన్నదమ్ములు వేరుపడినపుడు గిన్నెలు, మంచాలు లెక్కగా పంచుకొంటారు గాని, ఫోటోలు మాత్రం ఎవరి చేతికందినవి వారు తీసికొంటారు. పెళ్ళి ఫోటో ఒక ఇంట, అందులో ఎవరున్నారో తెలిసిన అవ్వ మరొక ఇంట ఉండిపోతారు. 1960లో ఇరవై ఏండ్ల వయసున గనిలో చేరినవారికి ఇప్పుడు 85 అటూ ఇటూ. ఈ లెక్క చూస్తే తొందర ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

మా బంధువుల ఇంట 1960 ప్రాంతంలో తీసిన ఒక పెళ్ళి ఫోటో ఉన్నది. అందులో పదునలుగురున్నారు. మగవారి పేర్లన్నీ అందరికీ తెలుసు. ఆడవారిలో కొందరిని “ఫలానా ఆయన భార్య” అని మాత్రం చెప్పగలిగారు. చివర వరుసలో చంటిబిడ్డను ఎత్తుకొని, కొంగు సగం ముఖానికి అడ్డంగా నిలుచున్న ఒక పిల్ల ఎవరో ఎవరికీ తెలియలేదు. ఆ ఇంటి పెద్ద అవ్వను అడిగితే ఫోటో వంక ఒక్క క్షణం చూచి పేరు చెప్పినది. పుట్టిన ఊరు చెప్పినది. ఆ మరుసటి సంవత్సరమే రెండవ కాన్పులో పోయినదని చెప్పినది. ఆ చంకలోని బిడ్డకు ఇప్పుడు అరవై దాటినవి. తన తల్లి ఫోటో లోకంలో ఒక్కటీ లేదనుకొని ఆయన అంతకాలం గడిపినాడు. ఆ పటం రోజూ ఆయన వచ్చిపోయే ఇంటి గోడకే వ్రేలాడుతూ ఉన్నది! అవ్వ ఆ సంగతి చెప్పిన ఎనిమిది నెలలకు కాలం చేసినది. ఇట్టి అవ్వలు, తాతలు మన ఇళ్ళలో ఇంకా ఎందరున్నారో ప్రతివారూ ఆలోచించుకోవలసినది.

పెద్దలను అడిగే పద్ధతి

పెద్దల ముందు ఆల్బమంతా ఒక్కమారు పరచరాదు. వారికి విసుగు, మనకు తొందర కలిగి పని చెడుతుంది. ఒక పూటకు పది ఫోటోలు చాలును. మధ్యాహ్నం కాఫీ అయిన తరువాత, వెలుతురున్న చోట కూర్చుండబెట్టి, చిన్న ఫోటో అయితే సెల్‌ఫోనులో పెద్దది చేసి చూపించాలి. వారు చెప్పునపుడు సెల్‌ఫోనులోనే మాటలు రికార్డు చేసికొంటే రెండు విధాల లాభం. వ్రాసికోవడంలో తప్పిపోయినది మళ్ళీ వినవచ్చును; వారి గొంతు కూడా ఇంట్లో నిలిచిపోతుంది. వారు ఒక పేరు నుండి మరొక కథకు పోతే అడ్డు తగలరాదు. మనం అడగని ప్రశ్నకు జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఫోటోకు ఒక జిరాక్సు కాపీ తీసి, దాని మీద ప్రతి తలకూ ఒక నంబరు వేసి, క్రింద నంబరు వారీగా పేర్లు వ్రాయడం అన్నిటికన్న సులువైన మార్గం. “ఎడమ నుండి మూడవవారు” అని వ్రాస్తే, వెనుక వరుసలో తల మాత్రం కనబడేవాని సంగతి వచ్చేసరికి తికమక అవుతుంది. నంబరు వేస్తే ఆ బాధ ఉండదు.

పేరు ఒక్కటే వ్రాస్తే చాలదు. మన కోలారు జిల్లాలో ఏ ఊరు తీసికొన్నా నలుగురు మునివెంకటప్పలు, ఆరుగురు నారాయణప్పలు, వీధికొక వెంకటలక్ష్మమ్మ ఉంటారు. తాత పేరు మనుమడికి పెట్టడం మన ఆచారం కాబట్టి ఒకే ఇంట రెండు తరాలలో అదే పేరు వస్తుంది. అందుచేత పేరుతోబాటు తండ్రి పేరు, ఊరు, మనకు ఏ వరుస అవుతారు అన్నవి తప్పక వ్రాయాలి. “చిన్నాయన” అని వ్రాస్తే ఎవరికి చిన్నాయన అన్నది ఇరవై ఏండ్ల తరువాత చదివేవానికి తెలియదు. ఆడవారి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని కాక, ఆమె సొంత పేరు, పుట్టినింటివారి ఊరు వ్రాయాలి. అత్తవారింట పేరు మార్చి ఉంటే రెండు పేర్లూ వ్రాయాలి.

ఇద్దరు పెద్దలు ఒకే ముఖానికి రెండు పేర్లు చెప్పుట కూడా కద్దు. అట్టిచోట ఎవరు ఏమి చెప్పినది రెండూ వ్రాసి ఉంచడమే న్యాయం. తీర్పు చెప్పడానికి తొందర లేదు. మరొక ఫోటో దొరికినపుడు అదే తేలిపోతుంది.

సంవత్సరం కనిపెట్టడం ఎట్లు?

పెద్దలు సామాన్యంగా సంవత్సరం చెప్పలేరు. “మా పెద్దవాడు పుట్టకముందు”, “బేతమంగళం చెరువు నిండి పారిన ఏడు” అని చెబుతారు. అట్టిచోట ఫోటో వెనుకనున్న స్టూడియో ముద్ర, దానితోబాటున్న కాగితాలు మనకు సాయపడతవి. మన ప్రాంతానికి సంబంధించిన కొన్ని గుర్తులు చెబుతాను.

గనులను మైసూరు ప్రభుత్వం 1956లో స్వాధీనం చేసికొన్నది. 1962లో అవి కేంద్ర ప్రభుత్వం చేతికి పోయినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడినది. కాబట్టి జీతపు చీటీ తల మీద ఎవరి పేరున్నదో చూస్తే అది ఏ కాలానిదో తేలుతుంది. భారత్ ఎర్త్ మూవర్స్, అనగా మనం బెమల్ అనే సంస్థ, 1964లో పుట్టినది. దాని పేరున్న ఫోటో అంతకు ముందుది కానేరదు.

చదివింపుల పుస్తకంలో అణాల లెక్క ఉంటే అది బహుశా 1957 ఏప్రిల్ 1కి పూర్వపుది. ఆనాటి నుండియే దశాంశ పద్ధతిలో నయాపైసలు వచ్చినవి. 1964లో “నయా” అన్న మాట పోయి ఉత్త పైసలైనవి. స్టూడియో ముద్రలో ఆరంకెల పిన్‌కోడు ఉంటే అది 1972 ఆగస్టు 15 తరువాతిది. మన జిల్లా పిన్‌కోడు 563తో మొదలవుతుందని అందరికీ తెలిసినదే. చిరునామాలో “మైసూరు రాష్ట్రం” అని ఉంటే అది 1973 నవంబరు 1కి పూర్వపుదని అనుకోవచ్చును. ఆనాడే రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మార్చారు. చింతామణి, బాగేపల్లి, శిడ్లఘట్ట మొదలైనవి “కోలారు జిల్లా” అని వ్రాసి ఉంటే అది 2007కు ముందటి వ్రాత కావచ్చును. ఆ సంవత్సరం చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయినది.

ఫోటో ఆకారం కూడా కొంత చెబుతుంది. రెండుంబావు అంగుళాల చతురస్రపు చిన్న నలుపు తెలుపు ఫోటోలు 120 నంబరు ఫిల్ము వేసే కెమెరాలతో తీసినవి. బడోదాలో తయారైన అగ్ఫా క్లిక్ కెమెరా ఎందరి ఇళ్ళలోనో ఉండేది. ఒక్కొక్క ఫిల్ముకు పన్నెండు బొమ్మలు వచ్చేవి. రంగు ఫోటోలు మన సామాన్య కుటుంబాలలోకి విరివిగా వచ్చినది ఆ తరువాతి కాలంలోనే.

ఈ గుర్తులను నమ్మడంలో ఒక హెచ్చరిక అవసరం. పాత ఫోటోకు తరువాతి కాలంలో కాపీ తీయించి ఉండవచ్చును. అపుడు వెనుకనున్న ముద్ర కాపీ తీసిన సంవత్సరాన్ని చెబుతుంది గాని, మనిషిని తీసిన సంవత్సరాన్ని చెప్పదు. పేరు మారిన తరువాత కూడా పాత కాగితాలు, పాత ముద్రలు అయిపోయేదాకా వాడేవారూ ఉంటారు. కాబట్టి రూఢిగా తెలియనిచోట “1964 ప్రాంతం” అని వ్రాయడమే మంచిది. ఊహను నిజంగా వ్రాస్తే మన తరువాతివారు దానినే వేదవాక్యంగా పట్టుకొంటారు.

ఒక రిజిష్టరు

ఆఫీసులో కాగితం రాగానే మొదట దానికి నంబరు వేసి రిజిష్టరులో ఎక్కిస్తారు. ఇంటి ఫోటోలకూ ఈ పద్ధతి బాగా పనికివస్తుంది. ఒక గట్టి అట్ట పుస్తకం కొని, వరుసగా నంబరు, సంవత్సరం, స్థలం, సందర్భం, ఉన్నవారి పేర్లు, ఎవరు చెప్పినది, అసలు ఫోటో ఎవరి ఇంట ఉన్నది అని ఏడు గళ్ళు గీయండి. అదే నంబరును ఫోటో వెనుక అంచు దగ్గర మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయండి. బాల్‌పెన్నుతో అదిమి వ్రాస్తే ముఖం మీద గీటు తేలుతుంది. కొన్ని సిరాలు ఎదుటి ఫోటోకు అంటుకొంటవి.

కంప్యూటరులో కూడా ఆ బొమ్మకు యంత్రం పెట్టిన పేరు తీసివేసి, “1964-మారికుప్పం-పెళ్ళి-027” అన్నట్లు పేరు పెట్టండి. సంవత్సరం మొదట ఉంటే యంత్రమే వాటిని కాలక్రమంలో పేరుస్తుంది. చివరి నంబరు చూచి రిజిష్టరు తీస్తే వివరాలన్నీ దొరుకుతవి. పెద్దల మాటలు రికార్డు చేసిన దానికి కూడా అదే నంబరు పెట్టాలి.

వ్రాసే భాష విషయం కూడా ఆలోచించాలి. మన ఇళ్ళలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం, వీధిలో తమిళం. అవ్వ ఫోటో వెనుక తెలుగులో వ్రాసిన రెండు పంక్తులు బెంగుళూరులో పెరిగిన మనుమరాలు చదువలేదు. ఆ వ్రాతను కూడా ఫోటో తీసి, దానిలోనిది కన్నడంలోనో ఇంగ్లీషులోనో తిరిగి వ్రాసి ఉంచితే తరువాతివారికి ఉపకారం. కంప్యూటరులో తెలుగు టైపు చేయునపుడు యూనికోడు పద్ధతిలోనే చేయాలి. ప్రెస్సులలో వాడే పాత అక్షరాలతో చేస్తే, ఆ అక్షరాలు లేని యంత్రంలో పిచ్చి గీతలుగా కనబడతవి.

యంత్రంతో పని

ఇక స్కానరు సంగతి. నాలుగు అంగుళాలు వెడల్పు, ఆరు అంగుళాలు పొడవు గల ఫోటోను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాను చేస్తే 86 లక్షల పైచిలుకు చుక్కలు వస్తవి. రెండింతలు పెద్దది చేసి పటం కట్టించడానికి అది చాలును. పైన చెప్పిన రెండుంబావు అంగుళాల చిన్న ఫోటోకు 600 పెడితే 18 లక్షల చుక్కలే వస్తవి కాబట్టి 1200 పెట్టాలి. నెగెటివు దొరికితే అదృష్టమే. దానికి 2400కు తగ్గకుండా పెట్టాలి. నలుపు తెలుపు ఫోటోనైనా రంగు పద్ధతిలోనే స్కాను చేయించండి. కాలం గడిచి వచ్చిన గోధుమ ఛాయ, స్టూడియోవారు చేతితో వేసిన రంగు, వెనుకటి సిరా వ్రాత అన్నీ అందులో నిలుస్తవి.

అసలు ప్రతిని టిఫ్ అనే రకంగా దాచుకోవడం ఉత్తమం. మనం సామాన్యంగా వాడే జేపెగ్ రకంలో బొమ్మను దిద్ది దాచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. పైన చెప్పిన కొలతల ఫోటో టిఫ్‌గా సుమారు 26 ఎమ్‌బీ చోటు పట్టును. వెయ్యి ఫోటోలకు 26 జీబీ. ఈ రోజులలో అది పెద్ద భారం కాదు. వెలసిన ఫోటోకు వెలుగు పెంచడం, చిరుగు పూడ్చడం వంటి మెరుగులు కాపీ మీదనే చేయాలి. అసలు ప్రతిని ముట్టరాదు.

స్కానరు లేనివారు సెల్‌ఫోనుతోనైనా చేయవచ్చును. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర, ఫ్లాషు లేకుండా, ఫోటోకు సరిగా సమాంతరంగా ఫోను పట్టుకొని తీయాలి. పటంలోని ఫోటో అద్దానికి అంటుకొనిపోయి ఉంటే ఊడదీయడానికి ప్రయత్నించరాదు. ముఖం అద్దానికే ఉండిపోతుంది. అద్దం మీదుగానే, ప్రక్కనుండి వెలుతురు పడేటట్లు తీయాలి. తీసినది వాట్సాపులో మామూలుగా పంపితే బొమ్మ కుదించుకొనిపోతుంది. “డాక్యుమెంటు” రూపంలో పంపితే ఉన్నది ఉన్నట్లు చేరుతుంది.

ఎక్కడ దాచాలి?

ఏ వస్తువునూ ఒక్కచోట దాచి నమ్మరాదు. 2000 ఆగస్టులో హైదరాబాదు వరదలలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకే నీరు చొచ్చి అరుదైన పుస్తకాలు, పత్రికలు తడిసిపోయినవి. 2015 డిసెంబరు వరదలలో చెన్నై ఇళ్ళు ఎన్ని మునిగినవో మన బంధువులలో అనుభవించినవారే ఉన్నారు. కాబట్టి మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాలలో ఉండాలి. ఒకటి మరొక ఊరిలో ఉండాలి. ఇంటి కంప్యూటరులో ఒకటి, విడి హార్డుడిస్కులో ఒకటి, బెంగుళూరులో ఉన్న తమ్ముని ఇంటనో అంతర్జాలంలోనో మరొకటి ఉంటే సరిపోతుంది. ప్రతి ఉగాదికీ ఒకమారు తెరచి చూడాలి. హార్డుడిస్కు చెప్పకుండా పోయే వస్తువు. పెన్‌డ్రైవును ఏండ్ల తరబడి సొరుగులో పడవేసి నమ్మడానికి లేదు. నాలుగైదు ఏండ్లకొకమారు కొత్తదానిలోకి మార్చుకోవాలి.

అంతర్జాలంలో కంపెనీలవారికి అప్పగించితే శాశ్వతమని కొందరనుకొంటారు. ఒకప్పుడు మన పిల్లలందరూ ఫోటోలు పెట్టిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడినది. గూగుల్ వారు ఉచితంగా ఎన్ని ఫోటోలైనా దాచుకోనిచ్చే సదుపాయాన్ని 2021 జూన్ 1 నుండి నిలిపివేశారు. రెండేండ్లు వాడని ఖాతాలను తీసివేయవచ్చునని 2023లో నియమం పెట్టారు. అనగా ఇంటి పెద్ద పోయి, ఆయన సంకేతపదం ఎవరికీ తెలియకపోతే ఆ ఫోటోలు కూడా పోయే ప్రమాదమున్నది. ఖాతా వాడకం ఆగినపుడు ఎవరికి అందజేయాలో ముందుగానే నమోదు చేసే ఏర్పాటు గూగుల్ లోను, ఆపిల్ లోను ఉన్నది. దానిని ఇప్పుడే చేసికోవడం మంచిది. గనుల కంపెనీయే 120 ఏండ్లు నడిచి మూతపడినదని చూచిన మనకు, ఏ కంపెనీ శాశ్వతం కాదని ఒకరు చెప్పాలా?

స్కాను అయినది గదా అని అసలు ఫోటోలను, కాగితాలను పారవేయరాదు. సర్వీసు కాగితాలు, ఇంటి పత్రాలు మొదలైన వాటికి అసలు ప్రతికున్న విలువ కాపీకి ఉండదు. బాగా కడిగి తీసిన నలుపు తెలుపు ఫోటో, చెమ్మ లేనిచోట ఉంచితే, నూరేండ్లు నిలుస్తుంది. మన మెట్ట ప్రాంతపు పొడిగాలి సముద్రతీరపు గాలి కంటె దానికి అనుకూలం. రంగు ఫోటోలు అంతకాలం ఆగవు, ఎరుపెక్కి వెలసిపోతవి. కాబట్టి స్కాను చేయునపుడు 1970, 80లలోని రంగు ఫోటోలను ముందు పట్టండి. జిగురు పేజీల మీద పైన ప్లాస్టిక్ కాగితం కప్పే ఆల్బములు చూడడానికి అందంగా ఉంటవి గాని, ఆ జిగురు ఫోటోను తినివేస్తుంది. గుండుసూదులు, రబ్బరు బాండులు, సెల్లోటేపు వాడరాదు. తడిగుడ్డతో తుడవరాదు. గోడవార నేల మీద పెట్టె ఉంచితే చెదలు పట్టును. బల్ల మీద ఉంచాలి.

మరొక చిన్న జాగ్రత్త. బ్యాంకు, ఆధారు, పెన్షను నంబర్లున్న కాగితాలను బంధువుల వాట్సాపు గుంపులలో పెట్టరాదు. అట్లే ఇతరుల ఇంటి ఫోటో మన దగ్గరున్నపుడు, వారిని అడిగిన తరువాతనే నలుగురికీ చూపించడం మర్యాద.

అందరూ కలిసి చేయదగిన పని

ఫోటోగ్రాఫరు అనూషా యాదవ్ గారు 2010లో “ఇండియన్ మెమరీ ప్రాజెక్టు” అని ఒకటి ప్రారంభించి, దేశంలోని కుటుంబాల పాత ఫోటోలను అంతర్జాలంలో చేరుస్తున్నారు. ఫోటో ఒక్కటి కాక, అందులోనివారెవరు, వారి కథ ఏమిటి అన్నదీ దానితోబాటు చేర్చడం ఆ పని విశేషం. కథ లేని ఫోటో కంటె కథతోకూడిన ఫోటోకు విలువ ఎక్కువని వారు గ్రహించారు. అట్టి పని మన సంఘం కూడా చిన్నగా తలపెట్టవచ్చును. నెలకొక ఆదివారం ఒక స్కానరు, ఇద్దరు కుర్రవాళ్ళు, కాఫీ ఏర్పాటు ఉంటే చాలును. ఒకరి ఇంట తెలియని ముఖం మరొకరి ఇంట తెలిసిన ముఖం అవుతుంది. ఒకే షిఫ్టులో పనిచేసినవారు, ఒకే వరుస క్వార్టర్సులో కాపురమున్నవారు ఆ రోజున ఒకచోట కూర్చుంటే, నాలుగు పుస్తకాలలో దొరకని సంగతులు ఒక్క పూటలో బయటపడతవి.

అది కుదిరేదాకా ఎవరి ఇంటి పని వారు మొదలుపెట్టవచ్చును. స్కానరు కొనేదాకా ఆగనక్కరలేదు. ఈ నెలలో పది ఫోటోలు, ఒక పెన్సిలు, ఒక అట్ట పుస్తకం తీసికొని ఇంట్లో అందరికన్న పెద్దవారి దగ్గర కూర్చుండండి. ఇంట్లో అట్టివారు లేకపోతే బంధువులలో ఎవరున్నారో విచారించి, ఒక ఆదివారం పోయి రండి. వారికి కూడా, తమను ఒకరు వచ్చి పాతసంగతులు అడిగినారన్న తృప్తి కలుగుతుంది. మొదటి ఫోటోకు మొదటి పేరు వ్రాసిన తరువాత తక్కినది దానంతట అదే సాగుతుంది.